గాలి నునుపు కాదు
(స్మారకోపన్యాస పాఠం)



మా ఫిజిక్స్ మాస్టారి పేరు మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు విషయం కోసం నేను వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఏటా ఫిజిక్స్ మొదటి క్లాసులో ఆయన అడిగే ప్రశ్న ఒకటే: ఆకాశం నీలంగా ఎందుకుంది? ఎవరో ఒకరు లేచి "పరిక్షేపణం వల్ల సార్" అనేవారు. ఆయన కూర్చోమనేవారు కాదు. "సరే. అయితే?" అనేవారు. ఆ "అయితే?" దగ్గర మొదలైన పాఠం ఒక్కోసారి వారం దాకా సాగేది. సిలబస్ వెనకబడుతుందని తోటివాళ్లు నొచ్చుకున్నా ఆయన తొందరపడిన మనిషి కాదు. ఈ రోజు నేను చెయ్యబోయేది కూడా అదే. పదో తరగతి పుస్తకంలో రెండు మార్కులకు వచ్చే జవాబును పట్టుకుని, దాని వెనక ఎంత భౌతికశాస్త్రం ఉందో మీ ముందు పరచాలని నా ప్రయత్నం.

ఆ రెండు మార్కుల జవాబు మనందరికీ కంఠతా వచ్చు. సూర్యకాంతిలో అన్ని రంగులూ ఉన్నాయి, గాలి అణువులు ఎరుపు కన్నా నీలాన్ని ఎక్కువగా నలుదిక్కులకూ చెదరగొడతాయి, అందుకే ఎటు చూసినా నీలం. ఇది తప్పు కాదు. కానీ దీనితో ప్రశ్న తీరిపోయిందనుకుంటే మాత్రం నష్టపోతాం. నా దృష్టిలో ఆకాశం నీలంగా ఉండడమంటే, గాలి అఖండమైన నునుపు పదార్థం కాదని, అది విడివిడి రేణువులతో అయిందని, ఆ రేణువులు కూడా సమంగా సర్దుకుని లేవని పట్టపగలు అందరికీ కనబడే రుజువు. పరమాణువులు ఉన్నాయా లేవా అని యూరప్ పండితులు వాదించుకుంటున్న కాలంలో కూడా ఆ రుజువు వాళ్ల నెత్తి మీదే ఉంది. దాన్ని చదవడానికి నలభై ఏళ్లు పట్టింది.

మొదట పొగ సంగతి చెబుతాను. పల్లెటూళ్లో పెరిగిన వాళ్లకు ఇది తెలుసు. పొద్దున్నే కట్టెల పొయ్యి పొగ వంటింటి కప్పు సందుల్లోంచి పైకి లేస్తుంది. వెనక నల్లటి తాటాకు కప్పు ఉన్నంత మేర ఆ పొగ నీలంగా కనిపిస్తుంది. కప్పు దాటి, వెనక తెల్లటి ఆకాశం వచ్చేసరికి అదే పొగ గోధుమరంగుకు తిరుగుతుంది. పొగ మారలేదు, దాని వెనక ఉన్నది మారింది. చీకటి ముందర నిలిచినప్పుడు పొగ పక్కకు చెదరగొట్టిన కాంతి మన కంటికి వస్తుంది. వెలుగు ముందర నిలిచినప్పుడు పొగ దాటనిచ్చిన కాంతి వస్తుంది. పదహారో శతాబ్దం మొదట్లో ఇటలీలో లియొనార్డో డావిన్సీ ఈ పొగనే చూసి, ఆకాశపు నీలం కూడా ఇలాంటిదేనని, చీకటి ముందర వెలిగే గాలి రంగని తన నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు. దిశ సరైనదే. గాలిలో చెదరగొట్టేది ఏమిటన్నదే మిగిలిన ప్రశ్న.

1869లో లండన్‌లో జాన్ టిండాల్ ఆ ప్రశ్నను గాజు గొట్టంలోకి దించాడు. గొట్టంలో కొన్ని రసాయనాల ఆవిరి నింపి, బలమైన కాంతిపుంజాన్ని పంపితే, ఆవిరిలోంచి అతిసన్నని రేణువులు పుట్టడం మొదలయ్యేది. మొదట్లో గొట్టం ముదురు నీలంగా వెలిగేది. రేణువులు పెరిగే కొద్దీ నీలం పలచబడి, చివరికి తెల్లటి మబ్బు మిగిలేది. మాస్టారు దీన్ని గాజు గ్లాసులో చూపించేవారు. గది తలుపులు మూసి, గ్లాసు నిండా నీళ్లు పోసి, రెండు చుక్కలు పాలు కలిపి, వెనక నుంచి టార్చి వేసేవారు. పక్క నుంచి చూస్తే నీళ్లలో లేత నీలి ఛాయ. ఎదురుగా, నీళ్లలోంచి బల్బును చూస్తే పసుపు, ఇంకో రెండు చుక్కలు పడితే నారింజ. అరచెంచా పాలు పోస్తే అంతా తెలుపు, పాఠం అయిపోయినట్టే. నీలం కనబడాలంటే రేణువు చిన్నదై ఉండాలి, తక్కువై ఉండాలి. చూసినవాళ్లు దీన్ని మర్చిపోరు. ఇప్పుడు సెల్‌ఫోన్ టార్చి అందరి జేబులోనూ ఉంది కనుక ఏ ఇంట్లోనైనా చేసుకోవచ్చు.

రెండేళ్ల తర్వాత, 1871లో, జాన్ విలియం స్ట్రట్ అనే యువకుడు దీనికి లెక్క కట్టాడు. ఆయనే తర్వాత లార్డ్ రేలీ అయ్యాడు. అప్పటికి ఆయన వయసు 28. ఆ లెక్కను నేను నల్లబల్ల మీద ఎన్నిసార్లు చేసినా మొదటిసారి చూసిన సంతోషం తగ్గలేదు. పెద్ద సమీకరణాలు అక్కర్లేదు, కొలతల ప్రమాణాలు చూస్తే చాలు. కాంతి తరంగదైర్ఘ్యం కన్నా బాగా చిన్న రేణువు ఒకటి ఉందనుకోండి. అది చెదరగొట్టే తరంగపు ఎత్తు రేణువు ఘనపరిమాణానికి అనుపాతంలో ఉంటుంది, అంటే పొడవు మూడో ఘాతం. రేణువు నుంచి దూరం పోయే కొద్దీ ఆ ఎత్తు దూరానికి విలోమంగా తగ్గుతుంది, అంటే ఒక పొడవుతో భాగించాలి. మిగిలింది పొడవు రెండో ఘాతం. కానీ చెదిరిన తరంగానికీ వచ్చిన తరంగానికీ ఉన్న నిష్పత్తి వట్టి సంఖ్య, దానికి ప్రమాణాలు ఉండకూడదు. కాబట్టి ఇంకో పొడవు వర్గంతో భాగించి తీరాలి. ఇక్కడ మిగిలిన పొడవు ఒక్కటే ఉంది: తరంగదైర్ఘ్యం. తీవ్రత ఎత్తుకు వర్గం కనుక, చెదిరే కాంతి తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమం. అంతే. కాంతి అంటే ఏమిటో, రేణువు దేనితో చేసిందో తెలియకుండానే నియమం చేతికి వచ్చేసింది.

నాలుగో ఘాతం అంటే మాటలు కాదు. 650 నానోమీటర్ల ఎర్రకాంతి కన్నా 450 నానోమీటర్ల నీలికాంతి నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. కంటికి కనబడే చివరి ఊదా 400, చివరి ఎరుపు 700 అనుకుంటే తేడా తొమ్మిది రెట్లు దాటుతుంది. ఇక్కడ తెలివైన విద్యార్థి తప్పకుండా అడుగుతాడు: మరి ఆకాశం ఊదాగా ఉండాలి కదా? ఉండాలి, మన కన్నే గనక స్పెక్ట్రోమీటర్ అయితే. సూర్యకాంతిలో ఊదా పాలు నీలం కన్నా తక్కువ. ఊదాకు మన కన్ను స్పందించేదీ తక్కువే. అన్నిటికన్నా ముఖ్యమైనది, రంగు చూసే మూడు రకాల శంకు కణాలు కలిసి తీర్పు ఇస్తాయి. ఆకాశం నుంచి వచ్చే కాంతిలో అన్ని రంగులూ ఉంటాయి, ఊదా వైపు మొగ్గు ఎక్కువ. ఆ మిశ్రమం మన శంకువుల్ని ఎంత కదిలిస్తుందో, 475 నానోమీటర్ల దరిదాపు శుద్ధ నీలానికి తెలుపు కలిపినా సరిగ్గా అంతే కదిలిస్తుంది. కాబట్టి మనం చూస్తున్నది తెలుపు కలిసిన నీలం. ఆకాశపు రంగులో సగం పాఠం భౌతికశాస్త్రానిది, మిగతా సగం మన కంటిది. వేరే రకం కన్నున్న జీవికి ఇదే ఆకాశం ఇదే రంగులో ఉండనక్కర్లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. 1871లో రేలీకి చెదరగొట్టే రేణువు ఏమిటో తెలియదు. ఏదో సన్నని ధూళి అనుకున్నాడు, ఒక దశలో ఉప్పు రేణువులు కావచ్చునని కూడా ఊహించాడు. 1873లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఆయనకు ఒక ఉత్తరం రాశాడు. గాలి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయనుకుంటే, గాలి ఎంత పారదర్శకంగా ఉందో చూసి అణువుల లెక్క తేల్చవచ్చు కదా అన్నది దాని సారాంశం. మాక్స్‌వెల్ 1879లో చనిపోయాడు. రేలీ ఆ ప్రశ్నకు పూర్తి జవాబు ఇచ్చింది 1899లో. ఇరవై ఆరేళ్లు ఒక ఉత్తరం మనసులో పెట్టుకున్న మనిషి!

ఆ 1899 వ్యాసంలో మన దేశపు దృశ్యం ఒకటి ఉంది. డార్జిలింగ్ పరిసరాల నుంచి చూస్తే దాదాపు 100 మైళ్ల దూరంలోని ఎవరెస్టు బాగానే వెలుగుతూ కనిపిస్తుందని రేలీ రాశాడు. అంత మందం గాలిలోంచి వచ్చినా ఆ మంచు వెలుగు చచ్చిపోలేదంటే గాలి కాంతిని ఎంత వేగంగా తినగలదో దానికి ఒక హద్దు దొరికినట్టే. మరోవైపు, కేవలం గాలి అణువులే ఉన్నాయనుకుని ఆయన లెక్క వేశాడు. సముద్రమట్టపు గాలిలో ఆకుపచ్చ కాంతి 80 కిలోమీటర్ల పైచిలుకు పోతే గాని మూడో వంతుకు చేరువగా పడిపోదు. ఎవరెస్టు కనబడడానికీ, నక్షత్రాలు నడినెత్తి నుంచి దిగంతానికి వాలే కొద్దీ మసకబారే తీరుకూ ఈ లెక్క చాలావరకు సరిపోయింది. అంటే ధూళి లేదు, ఉప్పు లేదు, నీటి తుంపర లేదు, శుద్ధమైన గాలి ఒక్కటే ఉన్నా ఆకాశం నీలంగానే ఉంటుంది. గాలిలో ఇంకేదో ఉండబట్టి వచ్చిన రంగు కాదిది, గాలి సొంత రంగే.

తూర్పు కనుమల వైపు ప్రయాణం చేసే వాళ్లు ఈ లెక్కను కళ్లతో చూడవచ్చు. దగ్గరి కొండ ఆకుపచ్చ, దాని వెనకది నీలి ఆకుపచ్చ, ఆ వెనకది లేత నీలం. దూరపు కొండ మీద నీలిరంగు చెట్లు మొలవలేదు. మనకూ ఆ కొండకూ మధ్య ఉన్న గాలి, ఎండలో వెలుగుతూ, కొండ ముదురురంగు మీద పరుచుకుంది. అదీ ఆకాశమే, నిలువుగా కాక అడ్డంగా చూస్తున్న ఆకాశం.

ఇక్కడ మాస్టారి "అయితే?" మళ్లీ వస్తుంది. అణువులు చెదరగొడతాయి, సరే. గాజులోనూ అణువులు ఉన్నాయి, గాలిలో కన్నా ఎంతో దట్టంగా. గాజుదిమ్మె నీలంగా మెరవదేం? నీరు గాలి కన్నా సుమారు 800 రెట్లు దట్టమైనది, కానీ శుద్ధమైన నీరు చెదరగొట్టేది గాలికి 150 రెట్ల దరిదాపే. ఎందుకు తగ్గింది?

కాంతి ఒక తరంగం కనుక. పదార్థం పూర్తిగా సమంగా పరుచుకుని ఉంటే, అందులో ఏ చిన్న ముక్క పక్కకు పంపిన తరంగాన్నైనా, అర తరంగదైర్ఘ్యం దూరంలో ఉన్న ఇంకో ముక్క పంపిన తరంగం పూర్తిగా రద్దు చేస్తుంది. జంటలు జంటలుగా అన్నీ కొట్టివేతకు పోతాయి. మిగిలేది నేరుగా ముందుకు పోయే కాంతి మాత్రమే. నునుపైన గాలి ఉన్న లోకంలో పట్టపగలు కూడా ఆకాశం నల్లగా ఉంటుంది, సూర్యుడి పక్కనే నక్షత్రాలు కనిపిస్తాయి. మన ఆకాశం అలా లేదంటే కొట్టివేత పూర్తిగా జరగడం లేదన్న మాట.

ఎందుకు జరగడం లేదో ఒక లెక్కతో చూద్దాం. కాంతి తరంగదైర్ఘ్యం 500 నానోమీటర్లు అనుకుని, అందులో సగం, 250 నానోమీటర్ల భుజం ఉన్న ఘనాన్ని గాలిలో ఊహించండి. ఘన సెంటీమీటరు గాలిలో అణువులు దాదాపు రెండున్నర లక్షల కోట్ల కోట్లు, అంటే 25 పక్కన 18 సున్నాల స్థాయి. ఆ లెక్కన మన చిన్న ఘనంలో ఉండేవి సగటున 4 లక్షలు. అణువులు స్వేచ్ఛగా తిరుగుతున్నాయి, ఎవరూ వాటిని సమంగా పంచిపెట్టడం లేదు. కాబట్టి ఏ క్షణాన చూసినా ఒక ఘనంలో 600 ఎక్కువ, పక్క ఘనంలో 600 తక్కువ, ఆ స్థాయిలో తేడా తప్పదు. 4 లక్షల్లో 600, అంటే వెయ్యింట ఒకటిన్నర. కొట్టివేతలో మిగిలిపోయేది ఈ శేషమే. మనం తలెత్తి చూసే నీలమంతా ఆ శేషం నుంచి వచ్చిందే. నీటిలో అణువులు ఒకదానినొకటి ఒరుసుకుని ఉంటాయి కనుక హెచ్చుతగ్గులకు చోటు తక్కువ, అందుకే దాని చెదరగొట్టే శక్తి సాంద్రతతో పాటు పెరగలేదు.

ఈ చూపు 1908లో పోలండు శాస్త్రవేత్త స్మొలుకోవ్‌స్కీది. 1910లో దాన్ని పూర్తి సిద్ధాంతంగా మలిచింది ఐన్‌స్టీన్. ద్రవం వాయువుగా మారే సందిగ్ధ స్థితి దగ్గర పారదర్శకమైన పదార్థం ఒక్కసారిగా పాలలా ఎందుకు తెల్లబడుతుందన్నది వాళ్లు పట్టుకున్న సమస్య. ఆ స్థితిలో సాంద్రత ఒడుదుడుకులు విపరీతంగా పెరుగుతాయి కనుక. అదే సూత్రాన్ని పలచని వాయువుకు వర్తింపజేస్తే అచ్చంగా రేలీ నియమం బయటికి వచ్చింది. ఒడుదుడుకుల వర్గం అణువుల సంఖ్యకు సమానం కావడం వల్ల, ప్రతి అణువూ విడిగా చెదరగొడుతున్నదనుకుని రేలీ వేసిన లెక్క కూడా సరైన జవాబే ఇచ్చింది. ఐన్‌స్టీన్ పేరు చెప్పగానే సాపేక్షత గుర్తు చేసుకునే మనం, నీలాకాశం గురించి ఆయన చేసిన ఈ పనిని కూడా విద్యార్థులకు చెప్పాలి. ఆ రోజుల్లోనే ఫ్రాన్స్‌లో జాఁ పెరిన్ పరమాణువులు నిజమని నిరూపించడానికి అవొగాడ్రో సంఖ్యను ఒకదానితో ఒకటి సంబంధం లేని పద్ధతుల్లో తేల్చి, ఆ ఫలితాలన్నీ ఒకే చోటికి చేరుతున్నాయని చూపించాడు. ఆ వరుసలో ఆకాశపు నీలం కూడా ఒకటి.

ఇలా చెదిరిన కాంతికి ఇంకో గుణం ఉంది: ధ్రువణం, అంటే తరంగపు కంపనం ఒకే దిశకు మొగ్గడం. దాని గురించి క్లుప్తంగా. 1809లో ఫ్రాన్స్‌కు చెందిన అరగో ఆకాశపు కాంతి ధ్రువణమై ఉందని కనిపెట్టాడు. పోలరాయిడ్ కళ్లజోడు ఉన్నవాళ్లు సాయంత్రం, సూర్యుడు పడమట వాలినప్పుడు, నడినెత్తి వైపు చూస్తూ ఆ అద్దాన్ని మెల్లగా తిప్పండి. ఒక స్థితిలో ఆకాశం ముదురుతుంది, తొంభై డిగ్రీలు తిప్పితే తేటపడుతుంది. సూర్యుడి నుంచి సరిగ్గా లంబదిశలో ఇది ఎక్కువ. తేనెటీగలు ఈ ధ్రువణాన్ని చూసి దారి తెలుసుకుంటాయని కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1949లో బయటపెట్టాడు. అవి కళ్లతో చూసేదాన్ని మనం అద్దంతో చూస్తున్నాం.

ఈ ధ్రువణమే ఒక తెలుగు సముద్రతీరంతో అనుబంధం ఉన్న మనిషి చేతిలో పెద్ద ఆయుధమైంది. చంద్రశేఖర వెంకట రామన్ పుట్టింది తిరుచిరాపల్లిలో. తండ్రి విశాఖపట్నం మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీలో అధ్యాపకుడుగా చేరడంతో చిన్నతనం విశాఖలో గడిచింది, ఎఫ్.ఏ. దాకా చదువూ అక్కడే. 1921లో ఆక్స్‌ఫర్డ్ సమావేశానికి వెళ్లి, నార్కుండా అనే ఓడలో తిరిగి వస్తూ మధ్యధరా సముద్రపు గాఢ నీలాన్ని చూశాడు. సముద్రపు నీలం ఆకాశపు నీలానికి ప్రతిబింబమేనని అప్పటికి రేలీ మాట. రేలీ మాట అంటే ఆ విషయంలో తిరుగులేని మాట. రామన్ జేబులో ఒక నికల్ పట్టకం ఉంది. నీటి ఉపరితలం మీద తగిన కోణంలో పడి పరావర్తనమైన కాంతి ధ్రువణమై ఉంటుంది కనుక, పట్టకాన్ని తిప్పి ఆ ప్రతిబింబాన్ని పూర్తిగా ఆపేయవచ్చు. ఆపేశాడు. ఆకాశపు ప్రతిబింబం పోయాక సముద్రం వెలవెలబోవాలి. పోలేదు సరికదా, నీలం ఇంకా చిక్కబడింది.

ఓడ బొంబాయి రేవులో ఉండగానే, సెప్టెంబరు 26న, 'నేచర్' పత్రికకు ఉత్తరం రాశాడు. నీటి అణువులు కాంతిని చెదరగొట్టడమే సముద్రపు రంగుకు మూలమని, ఐన్‌స్టీన్–స్మొలుకోవ్‌స్కీ సిద్ధాంతం నీటికి కూడా వర్తిస్తుందని ఆయన వాదన. ఎరుపును నీరు తనంతట తాను శోషించుకోవడం కూడా సముద్రపు నీలానికి గట్టి కారణమని ఈనాడు మనకు తెలుసు, రెండూ కలిసి పనిచేస్తాయి. కానీ ఆ ఉత్తరం తెరిచిన దారి ఎక్కడికి పోయిందో చూడండి. కలకత్తా చేరి ద్రవాలన్నిటిలోనూ కాంతి చెదిరే తీరును కొలవడం మొదలుపెట్టాడు. 1923లో ఆయన శిష్యుడు రామనాథన్ ద్రవాల నుంచి వచ్చిన కాంతిలో రంగు మారిన ఒక బలహీనమైన జాడ చూశాడు. మాలిన్యం అనుకుని ద్రవాన్ని పదే పదే శుద్ధి చేసినా ఆ జాడ పోలేదు. దాన్ని వదలకుండా రామన్, ఆయన మరో శిష్యుడు కృష్ణన్ వెంటాడారు. 1928 ఫిబ్రవరి 28న తేలింది రామన్ ఫలితం. ఆ రోజునే మనం జాతీయ విజ్ఞాన దినంగా జరుపుకుంటున్నాం.

ఆ ఏడాదే కలకత్తాలో రామన్ దగ్గర చేరిన యువకుల్లో గుడివాడలో పుట్టిన సూరి భగవంతం ఒకరు. తర్వాత వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రానికి పునాదులు వేశారు. కాంతి పరిక్షేపణం మీద, రామన్ ఫలితం మీద ఆయన రాసిన గ్రంథాన్ని 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చు వేసింది. మన విశ్వవిద్యాలయం నుంచి అలాంటి పుస్తకం అప్పుడే వచ్చిందని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఆయన గురించి విడిగా ఒక ఉపన్యాసం పెట్టించమని నిర్వాహకులకు నా మనవి.

ఇప్పుడు నియమం పనిచేయని చోట్లు. రేలీ నియమం తరంగదైర్ఘ్యం కన్నా చాలా చిన్న రేణువులకే. రేణువు కాంతి తరంగమంత అయితే నాలుగో ఘాతం వర్తించదు. ఆ లెక్కను 1908లో గుస్టావ్ మీ అనే శాస్త్రవేత్త ఇచ్చాడు. 1883 ఆగస్టులో క్రకటోవా అగ్నిపర్వతం పేలాక, సెప్టెంబరులో మద్రాసులోనూ సింహళంలోనూ సూర్యుడు ఆకుపచ్చగా కనిపించాడు. ఒకే పరిమాణంలో, మైక్రాను దరిదాపులో ఉన్న రేణువులు ఎరుపునే ఎక్కువ అడ్డగిస్తాయి, అందుకే అలా. ఇలాంటివి అరుదు. రోజూ కనబడేది మన నగరాల మీది పాలిపోయిన ఆకాశం. ధూళి, వాహనాల పొగ, వాటి మీద చేరిన తేమ, ఇవన్నీ కలిసి అన్ని రంగుల్నీ దాదాపు సమానంగా చెదరగొడతాయి. టిండాల్ గొట్టంలో చివర్న మిగిలిన తెలుపే ఇది. భాద్రపదం, ఆశ్వయుజం నెలల్లో వాన వెలిసిన మర్నాడు ఆకాశం అంత నీలంగా ఉండడానికి కారణం వాన గాలిని కడిగిపోవడం. నగరంలో పుట్టి పెరుగుతున్న పిల్లలు ఆ నీలాన్ని ఏడాదిలో కొద్ది రోజులే చూస్తున్నారు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. ఆకాశం రంగు చూసి ఆ రోజు గాలిలో ఎంత మలినం ఉందో చెప్పడం బడిపిల్లలకు నేర్పడం కష్టమేమీ కాదు. పద్దెనిమిదో శతాబ్దంలోనే స్విట్జర్లాండు పండితుడు సొస్యూర్ నీలిరంగు ఛాయలు వేసిన అట్టచక్రం చేసి ఆకాశాన్ని కొలిచాడు.

సూర్యాస్తమయం గురించి మీ అందరికీ తెలిసిందే చెప్పి కాలం వృథా చెయ్యను. దిగంతంలో సూర్యుడు నడినెత్తి కన్నా దాదాపు 38 రెట్ల గాలిలోంచి మనల్ని చేరతాడు. నీలం దారిలోనే చెదిరిపోతుంది, ఎరుపు మిగులుతుంది. కానీ ఇక్కడొక చిక్కుంది, దాన్ని 1953 దాకా ఎవరూ సరిగా పట్టించుకోలేదు. సూర్యుడు అస్తమించాక కొద్దిసేపటికి నడినెత్తిన ఆకాశం ఎలా ఉంటుంది? గాఢమైన నీలం. ఎలా సాధ్యం? పైగాలిని వెలిగిస్తున్న కాంతి అప్పటికే వందల కిలోమీటర్లు వాతావరణంలో అడ్డంగా ప్రయాణించి, తన నీలాన్ని పోగొట్టుకుని, ఎర్రబడి వచ్చింది. ఎర్రబడిన కాంతిని చెదరగొట్టి నీలాన్ని పుట్టించలేం. రేలీ నియమం ఒక్కటే పనిచేస్తే ఆ వేళ నడినెత్తి ఆకాశం పసుపు కలిసిన బూడిదరంగులోకి దిగిపోవాలి.

అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ హల్బర్ట్ లెక్క వేసి చూశాడు. దోషి ఓజోన్. మొత్తం ఓజోన్‌ను నేల మీద మామూలు పీడనంలో పేర్చితే మూడు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, అంతే. పగలు దాని ప్రభావం రంగు మీద కనబడనంత తక్కువ. కానీ అది నారింజ రంగు చుట్టుపక్కల, 600 నానోమీటర్ల దరిదాపులో, కాంతిని శోషిస్తుంది. సంధ్యవేళ కాంతి ఆ పొరలోంచి నిలువునా కాక ఏటవాలుగా, చాలా దూరం పోతుంది. దారి పొడుగునా నారింజ, పసుపు, ఎరుపు తరుగుతాయి, నీలం నిలుస్తుంది. సూర్యాస్తమయ సమయంలో నడినెత్తి నీలంలో మూడింట రెండు వంతులు ఓజోన్ పుణ్యమే, మూడో వంతు మాత్రమే రేలీది. 1880 ప్రాంతంలో ఫ్రాన్స్‌కు చెందిన షాప్యూయి ఓజోన్‌కు ఈ శోషణ ఉందని కనిపెట్టి, ఆకాశపు నీలానికి అదే కారణం కావచ్చునన్నాడు. పగటి ఆకాశం విషయంలో అతని మాట చెల్లలేదు, పక్కన పెట్టేశారు. సంధ్య విషయంలో డెబ్బై ఏళ్ల తర్వాత అది నిజమైంది. నాకు శాస్త్ర చరిత్రలో చాలా ఇష్టమైన ఘట్టాల్లో ఇదొకటి.

ఇదంతా పుస్తకాల్లో ఉండిపోయిన జ్ఞానం కాదని చెప్పి ముగిస్తాను. మీ ఫోన్‌లోకి వచ్చే ప్రతి మాటా దారిలో ఎక్కడో ఆప్టికల్ ఫైబర్‌లో ప్రయాణిస్తుంది. ఫైబర్ గాజు చల్లబడి గట్టిపడేటప్పుడు దానిలోని సాంద్రత ఒడుదుడుకులు అలాగే గడ్డకట్టి ఉండిపోతాయి. ఐన్‌స్టీన్ లెక్క కట్టిన ఆ గరుకుదనమే గాజులో కాంతిని చెదరగొట్టి తగ్గించేస్తుంది. దాన్ని తప్పించుకోవడానికే దూరప్రయాణపు ఫైబర్లలో 1550 నానోమీటర్ల పరారుణ కాంతిని వాడతారు. తరంగదైర్ఘ్యం పొడుగయితే నాలుగో ఘాతంతో నష్టం పడిపోతుంది. ఆ కాంతికి కిలోమీటరుకు పోయేది నాలుగున్నర శాతం మాత్రమే.

రెండో ఉదాహరణ మనకు ఇంకా దగ్గర. తిరుపతి దాటి కొద్ది దూరం పోతే గాదంకి. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1998 నుంచి ఒక లైడార్ ఉంది. రాత్రిపూట 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ స్పందనల్ని నిటారుగా ఆకాశంలోకి పంపుతారు. అణువులు చెదరగొట్టిన కాంతిలో అతిస్వల్ప భాగం వెనక్కి వస్తుంది. దాన్ని టెలిస్కోపుతో పట్టి, ఫోటాన్లను లెక్కపెడతారు. వచ్చేందుకు పట్టిన కాలం ఎత్తును చెబుతుంది, ఒక్కో మైక్రో సెకనుకు 150 మీటర్లు. వచ్చిన ఫోటాన్ల సంఖ్య ఆ ఎత్తున గాలి ఎంత దట్టంగా ఉందో చెబుతుంది. సాంద్రత తెలిస్తే ఉష్ణోగ్రత తేలుతుంది. సుమారు 30 కిలోమీటర్ల పైన ధూళి దాదాపు ఉండదు, కాంతిని వెనక్కి పంపేది గాలి అణువులే. అక్కడి నుంచి 80 కిలోమీటర్ల దాకా, మామూలు బెలూన్లు చేరలేని, ఉపగ్రహాలు నిలవలేని ఎత్తుల్లో గాలి ఎంత వేడిగా ఉందో మన శాస్త్రవేత్తలు నేల మీద కూర్చుని కొలుస్తున్నారు. గాలి పారదర్శకతను చూసి అణువుల లెక్క తేల్చవచ్చు కదా అని మాక్స్‌వెల్ 1873లో అడిగాడు. గాదంకిలో మబ్బు లేని రాత్రుల్లో జరిగే పని అదే.